పాత థండర్‌బర్డ్‌కి పెట్రోల్ కాక్: మూడోసారి కుదిరాక రాస్తున్న రివ్యూ

మా ముంగిట్లో తులసికోటకూ నా బండికీ మధ్య దూరం ఆరడుగులు ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం మా ఆవిడ దీపం పెట్టడానికి వచ్చి, తీసిన అగ్గిపుల్లను మళ్లీ పెట్టెలో పెట్టేసింది. "ఏమండీ, ఒకసారి ఇటు రండి. పెట్రోల్ వాసన ఘాటుగా ఉంది" అని పిలిచింది. వచ్చి చూస్తే కార్బరేటర్ కింద నేల మీద అరచేతంత తడి. ట్యాంకు నుంచి పెట్రోల్ వదిలే, ఆపే కుళాయి, అంటే కాక్, ఆఫ్‌లోనే ఉంది. ఆ పూట దీపం వెలగలేదు. బండిని గేటు బయటికి తోసి, చిన్న డబ్బాలోకి ట్యాంకు ఖాళీ చేసేదాకా నా గుండె దడ తగ్గలేదు.

నాది 2006 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350. 2015లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2021లో 15 ఏళ్లు నిండాక గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించాను. ఖమ్మంలో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ నడుపుతాను. పెళ్లికార్డుల సీజన్ అయిపోగానే ఈ బండి మీద ఎటో ఒకవైపు వెళ్లిరావడం పదేళ్లుగా అలవాటు. భద్రాచలం, మారేడుమిల్లి, లంబసింగి, ఒకసారి హంపి. బండికున్న కాక్ కంపెనీ నుంచి వచ్చింది కాదు, ముందు యజమాని ఎప్పుడో మార్చింది. కాబట్టి తయారీదారుని అనడానికి ఏమీ లేదు. రబ్బరుకు వయసైపోయింది, అంతే.

ఏం పాడైందో అర్థం కావాలంటే లోపల ఏముంటుందో తెలియాలి. మామూలు మూడు పొజిషన్ల కాక్‌లో పెద్ద మర్మమేమీ లేదు. ట్యాంకు లోపలికి ఒక సన్నటి గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. ఆన్‌లో పెడితే ఆ గొట్టం కొస నుంచి పెట్రోల్ దిగుతుంది. మట్టం కొస కంటే కిందికి దిగితే బండి ఆగిపోతుంది. అప్పుడు రిజర్వ్‌కి తిప్పితే అడుగునున్న రంధ్రం నుంచి వస్తుంది. లివర్ వెనక ఒక బిళ్ల, ఆ బిళ్లలో ఒక గాడి. గాడి ఏ రంధ్రం మీదికి వస్తే ఆ దారి తెరుచుకుంటుంది. బిళ్లకూ బాడీకీ మధ్య రంధ్రాలున్న గుండ్రటి రబ్బరు వాషర్ ఉంటుంది. వెనక నుంచి ఒక అలల స్ప్రింగు బిళ్లను ఆ వాషర్‌కి అదిమి పెడుతుంది. పెట్రోల్‌ను ఆపేది నిజానికి ఆ ఒక్క వాషరే. అది గట్టిపడితే ఆఫ్‌లో ఉన్నా పెట్రోల్ సందు చేసుకుని దిగిపోతుంది.

కాక్ కారినంత మాత్రాన నేల తడవదు. కార్బరేటర్‌లో ఫ్లోట్ నీడిల్, అంటే పెట్రోల్ నిండగానే దారి మూసే సూది, బాగుంటే అది ఆపుతుంది. అంటే నా బండిలో రెండూ పోయాయి. అందుకే ఆయిల్ కూడా చూశాను. పల్చగా, నీళ్లలా, పెట్రోల్ వాసనతో ఉంది. మట్టం పై గీత దాటింది. కారిన పెట్రోల్ కొంత నేల మీదికి, కొంత ఇంజిన్‌లోకి వెళ్లిందన్నమాట. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే ఏమవుతుందో చదివినవాణ్ని కాబట్టి బటన్ ముట్టుకోలేదు. పెట్రోల్ గాలిలా నలగదు. సిలిండర్‌లో నిండుగా ఉంటే పిస్టన్ పైకి వెళ్లే చోటే ఉండదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. ప్లగ్ విప్పి, ఇగ్నిషన్ ఆఫ్‌లో పెట్టి, చేత్తో మెల్లగా కిక్ తిప్పి ఖాళీ చేశాక, ఆయిల్ మొత్తం మార్చేశాను.

ఇక వస్తువుల సంగతి. మొదట కొన్నది వాషర్ కిట్, 70 రూపాయలు. ప్లాస్టిక్ కవర్లో నాలుగు రంధ్రాల వాషర్, ఓ-రింగ్, ఒక స్ప్రింగు. కవర్ మీద బండి పేరు తప్ప ఏ రబ్బరో, ఎవరు చేశారో లేదు. ఫ్లోట్ నీడిల్ కూడా కొత్తది వేయించాను. బిగించిన మర్నాడు కారడం ఆగింది. ఊళ్లో ప్రెస్సుకీ ఇంటికీ తిరిగినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. నాలుగు నెలలు ఆ కిట్‌ను నలుగురికి మంచిదని చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

సంక్రాంతి అయిపోయిన రెండో రోజు మా బావమరిదిని వెనక కూర్చోబెట్టుకుని భద్రాచలం మీదుగా మారేడుమిల్లి బయల్దేరాను. చింతూరు దాటేదాకా బాగానే ఉంది. తులసిపాక దగ్గర ఘాట్ ఎక్కుతుండగా బండి ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. థ్రాటిల్ తిప్పినా లాగదు. ఆపి రెండు నిమిషాలు ఉంటే మళ్లీ మామూలుగా స్టార్టయ్యేది. రెండు కిలోమీటర్లు వెళ్లేది, మళ్లీ అదే. "బావా, మూత గాలి పీల్చట్లేదేమో, తెరిచి చూడు" అన్నాడు మావాడు. మంచి ఆలోచనే. మూతలో గాలి రంధ్రం మూసుకుపోతే ఇవే లక్షణాలు. మూత తెరిచి పెట్టి నడిపినా తేడా లేదు. ఫోన్‌కి సిగ్నల్ లేదు, చుట్టూ వెదురు, మలుపుల్లో అప్పుడప్పుడూ ఒక లారీ. నిజంగా టెన్షన్ పడ్డాను. చివరికి రిజర్వ్‌కి తిప్పితే కొంచెం మెరుగైంది. మారేడుమిల్లి దాకా రిజర్వ్‌లోనే, రెండో గేర్‌లో పాకించాను. వెనక్కి తగ్గడానికి ఇక మరో రిజర్వ్ లేదని తెలిసి నడిపిన ప్రతి కిలోమీటరూ గుర్తుంది.

ఆ రాత్రి బొంగు చికెన్ కొన్న చోటే ఒక టీ గ్లాసు అడిగి తెచ్చుకున్నాను. పైపు పీకి, ఆన్‌లో పెట్టి, గడియారం చూస్తూ పట్టాను. నిమిషానికి సగం గ్లాసు కూడా నిండలేదు, మహా అయితే 40 మిల్లీలీటర్లు. రిజర్వ్‌లో ముప్పావు గ్లాసు. ఇక్కడ చిన్న లెక్క చెప్తాను, ఇది ఎవరికైనా పనికొస్తుంది. లీటరుకు 35 ఇచ్చే బండి గంటకు 70 వేగంతో పోతే గంటకు రెండు లీటర్లు తాగుతుంది. అంటే నిమిషానికి 33 మిల్లీలీటర్లు. ఇద్దరం కూర్చుని ఘాట్ ఎక్కుతుంటే అంతకన్నా చాలా ఎక్కువే కావాలి. ఊళ్లో అందులో సగం కూడా అక్కర్లేదు కాబట్టి నాలుగు నెలలూ జబ్బు బయటపడలేదు.

ఇంటికొచ్చి విప్పితే కారణం కళ్లెదుటే ఉంది. వాషర్ ఉబ్బింది. రంధ్రాలు నాలుగూ పిండి ముద్దలో వేలు పెట్టి తీసినట్టు లోపలికి ముడుచుకున్నాయి. ఆన్ రంధ్రం సగానికి సగం మూసుకుపోయింది.

ఆ కోపంలో వాషర్లతో పనిలేదని మొత్తం కాక్ కొన్నాను. 340 రూపాయలు, పేరు లేని బాక్సు. షాపతను "సేమ్ టు సేమ్ సార్, ఒరిజినల్ లాగే" అన్నాడు. చూడ్డానికి మెరుస్తూ ఉంది. చేతిలో పెట్టుకుంటే బరువే లేదు. ట్యాంకుకు ఆనే ముఖాన్ని అద్దం మీద పెడితే ఒక మూల లేచింది, కింద పోస్టుకార్డు దూరేంత సందు. ఎమరీ పేపర్ మీద రుద్ది సమం చేసుకున్నాను. లివర్ ఎంత బిగుతంటే గ్లవుజుతో తిప్పలేం, బండి నడుస్తుండగా రిజర్వ్‌లోకి మార్చడం కుదరని పని. ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది లోపలి గొట్టం. పాతదాని పక్కన పెట్టి కొలవకుండా బిగించడం నా తప్పు. ఇల్లందు వెళ్తూ కారేపల్లి దాటాక బండి ఆగితే, అలవాటుగా రిజర్వ్‌కి తిప్పి, ఇంకా 50 కిలోమీటర్లు ధీమా అనుకున్నాను. మూడు కిలోమీటర్లకే మళ్లీ ఆగింది. 180 కిలోల బండిని ఎండలో బంకు దాకా తోశాను. తర్వాత కొలిస్తే కొత్త గొట్టం పాతదానికంటే వేలి వెడల్పు పొట్టి. గొట్టం పొట్టిదైతే ఆన్‌లోనే దాదాపు అడుగుదాకా తాగేస్తుంది, రిజర్వ్ అని మిగిలేది పేరుకే. ఈ బండికి పెట్రోల్ మీటర్ కంటే రిజర్వ్‌నే నమ్ముతాం. ఆ నమ్మకం పోయిన కాక్‌ను ఎంత చవకైనా కొనమని చెప్పను.

మూడోది నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది. మా ఊళ్లో పాత బస్టాండు వైపు సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. తండ్రి నడిపేవాడు, ఇప్పుడు కొడుకు. నేను రెండు కాక్‌లూ సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టాను. అతను కొత్తదాన్ని ఒకసారి తిప్పి పక్కన పెట్టేశాడు. పాతదాన్ని చేతిలో తూచి చూశాడు.

"అన్నా, ఇది ఎందుకు తీసేసినవ్? బాడీ గట్టిది. పోయింది రబ్బరే కదా."

"రబ్బరు మార్చాను తమ్ముడూ. నాలుగు నెలల్లో ఉబ్బింది."

"మరి రబ్బరు మంచిది తెచ్చుకో. మిగతాది నేను చూస్త."

మంచి రబ్బరు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. ప్రెస్సులో ముప్ఫై ఏళ్లుగా నా పని సగం రబ్బరు రోలర్లతోనే. ఏ సాల్వెంట్‌కి ఏ రబ్బరు ఉబ్బుతుందో, ఏది పగులుతుందో చేతికే తెలుస్తుంది. ఆ సంగతి కాక్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ బాధే. మన బంకుల్లో 2022 మధ్యకల్లా పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం మొదలై, 2025కల్లా దాదాపు అంతటా అదే. పాత కాలపు నాసిరకం రబ్బరు ఆ కలయికకు తట్టుకోదు. నానితే ఉబ్బుతుంది, లోపలి నూనెలు కరిగి బయటికి వచ్చేస్తాయి. బండి నెల రోజులు ఖాళీగా నిలబడి ఎండితే కుంచించుకుపోయి గట్టిపడుతుంది. ఉబ్బితే దారి మూస్తుంది, ఎండితే కారుతుంది. నా బండి రెండు రోగాలూ చూపించింది.

హైదరాబాద్‌లో మా రోలర్లకు రబ్బరు ఎక్కించేవాళ్లను అడిగి పెట్రోల్‌కు తట్టుకునే విటాన్ రకం రబ్బరు షీటు, రెండు మిల్లీమీటర్ల మందం, అరచేతంత ముక్క తెప్పించుకున్నాను. 450 రూపాయలు అయింది. నమ్మి వేసేయకుండా ఈసారి పరీక్ష పెట్టాను. జామ్ సీసాలో బంకు పెట్రోల్ పోసి, 70 రూపాయల కిట్ మరొకటి కొని అందులోని వాషర్ ఒకటి, ఈ షీటు ముక్క ఒకటి వేసి, మూత బిగించి, ప్రెస్సు వెనక నీడలో రెండు వారాలు ఉంచాను. సన్న కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిస్తే వాషర్ మందం 2.0 నుంచి 2.2కి, వెడల్పు 24 నుంచి 26 మిల్లీమీటర్లకు పెరిగింది. విటాన్ ముక్కలో నా వెర్నియర్‌కు అందేంత తేడా లేదు. బయట పెట్టి రెండు రోజులు ఎండబెడితే వాషర్ గోరు గుచ్చుకోనంత బిర్రుగా అయింది. విటాన్ అలాగే మెత్తగా ఉంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రబ్బరు అంటే ఏదైనా ఒకటే అనుకోవద్దు. మా ప్రెస్సు రోలర్లలో వాడే ఈపీడీఎం అనే రబ్బరు చాలా మన్నికైనదే, కానీ పెట్రోల్‌లో పాడవుతుంది. సిలికాన్ పేస్టు పూసి కారడం ఆపుదామని కొందరు చెప్తారు. దయచేసి చేయకండి. పెట్రోల్‌కి అది పొరలుగా ఊడి కార్బరేటర్ జెట్లో, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంలో, ఇరుక్కుంటుంది. కాక్‌తో పోయే జబ్బును కార్బరేటర్‌కి అంటించినట్టవుతుంది.

వాషర్‌ను నేనే కోశాను. ఫైళ్లకు, బిల్లుబుక్కులకు రంధ్రాలు కొట్టే పంచ్‌లు ప్రెస్సులో ఉంటాయి కదా, పాత వాషర్‌ను అచ్చుగా పెట్టి వాటితోనే కొట్టాను. మొదటి రెండూ వంకరపోయాయి. మూడోది సరిగ్గా కూర్చుంది. నాలుగోది దాచుకున్నాను.

షెడ్డులో ఆ కుర్రాడు చేసిన పని గంటన్నర నిలబడి చూశాను. ముందు బ్యాటరీ వైరు తీశాడు. ట్యాంకు ఖాళీ చేసి, బీడీ తాగుతూ వచ్చిన ఒకాయనను మర్యాదగానే కానీ గట్టిగా బయటికి పంపాడు. లివర్ ప్లేటు స్క్రూలు రెండూ తుప్పు పట్టి ఉన్నాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుందని, కొంచెం పెట్రోల్ రాసి ఆగి, ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒక్కొక్క దెబ్బ వేసి విప్పాడు. బిళ్ల మీద గోటికి తగిలే గీతలు ఉన్నాయి. నేను అవి ఎప్పుడూ గమనించలేదు. కొత్త వాషర్‌ను కూడా అవి కోసేసేవే. అద్దం ముక్క మీద 1000 నంబర్ వాటర్ పేపర్, తర్వాత 2000, చుక్క నూనె వేసి ఎనిమిది ఆకారంలో నెమ్మదిగా తిప్పుతూ గీతలు పోయేదాకా రుద్దాడు. స్ప్రింగు చదును పడిందని అలలను కొద్దిగా పైకి వంచాడు. కాక్‌కి ఉండే వడపోత జాలీని టూత్‌బ్రష్‌తో కడిగితే ఎర్రటి పొడి వచ్చింది. "ట్యాంకుల తుప్పు మొదలైందన్నా, నింపి పెట్టుకో, ఖాళీగ ఉంచకు" అన్నాడు. తర్వాత అడక్కుండానే ఫ్లోట్ నీడిల్ కూర్చునే చోట చూసి, అందులోనూ అదే ఎర్ర పొడి ఉంటే తుడిచాడు. కాక్ ఒక్కటే మార్చి పంపేసేవాళ్లకూ ఇతనికీ తేడా అక్కడే కనిపించింది.

మజూరీ 250 తీసుకున్నాడు. ఓ-రింగ్ విటాన్‌దే నేను తెచ్చుకున్నాను, 40 రూపాయలు. మొత్తం కలిపితే డూప్లికేట్ కాక్ ధరకు రెట్టింపు కంటే కాస్త ఎక్కువే అయింది. ఆ రెట్టింపు సంతోషంగా ఇచ్చాను.

ఇబ్బందులు కూడా చెప్పాలి. అతను ఫోన్ ఎత్తడు, నేరుగా వెళ్లాలి. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది. ఒక్కడే కాబట్టి సీజన్లో రెండు మూడు రోజులు ఆగమంటాడు. బిల్లు ఉండదు. విటాన్ వాషర్ కొంచెం గట్టి రకం కావడంతో మొదటి వారం లివర్ బిగుతుగా అనిపించింది, తర్వాత సర్దుకుంది. షీటు తెప్పించుకోవడం అందరికీ వీలుపడకపోవచ్చు. అలాంటివాళ్లు కనీసం వాషర్ కొనేటప్పుడు రెండు కొని, ఒకటి రెండు వారాలు పెట్రోల్ సీసాలో వేసి చూసుకోండి. 70 రూపాయల్లో తేలిపోయే పరీక్ష అది.

మా చెల్లెలు ఇది విని తన యాక్టివాకి కూడా ఇలా చేయించమంది. కార్బరేటర్ ఉన్న పాత స్కూటర్లలో చాలావాటికి, బయటి దేశాల పెద్ద టూరింగ్ బళ్లలో కొన్నింటికి ఉండేది వేరే రకం. అక్కడ ఆఫ్ ఉండదు, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు పీల్చే గాలితో ఒక పల్చటి పొర లేచి పెట్రోల్ వదులుతుంది. ఆ పొర చిరిగితే పెట్రోల్ గాలి పైపు గుండా నేరుగా ఇంజిన్‌లోకే పోతుంది. ఆ సన్న పైపు పీకి చూస్తే లోపల తడి ఉండకూడదు. తడి ఉంటే ఆ రోజే కాక్ మార్చించాలి, వాయిదా వేయొద్దు. చెల్లెలి బండి పైపు పొడిగానే ఉంది.

ఈ పని జరిగింది 2025 ఫిబ్రవరిలో. ఆ తర్వాత 6,400 కిలోమీటర్లు తిరిగాను. నవంబర్‌లో మళ్లీ అదే చింతూరు ఘాట్, అదే బావమరిది వెనక. తులసిపాక దగ్గర వాడు నా భుజం తట్టి "బావా, ఇక్కడే కదా" అన్నాడు. మూడో గేర్‌లోనే ఎక్కేసింది. పై మలుపులో ఆపి, పైపు పీకి అదే రకం టీ గ్లాసు పెట్టాను. నిమిషం అవక ముందే పొంగిపోతుంటే ఆపేశాను. రిజర్వ్ మళ్లీ 50 కిలోమీటర్ల రిజర్వే. నాలుగో వాషర్ టూల్ బాక్సులో చిన్న కవర్లో ఉంది.

ఇప్పటికీ ఆదివారం రాత్రి కాక్ ఆఫ్ చేసి, పైపు పీకి, కింద ప్రెస్సులో మిగిలిన తెల్ల కాగితం ముక్క ఒకటి పెడతాను. మొన్న కూడా పెట్టాను. పొద్దున మా ఆవిడ తులసికి నీళ్లు పోయడానికి వచ్చి, నాకంటే ముందే వంగి కాగితం తీసి వేళ్లతో తడిమింది. "పొడిగానే ఉందండీ" అంది.